కొత్తరేవు పళ్ళాలాట

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పకండి. ఓ పది నిమిషాలు కూర్చుని వినండి. మధ్యలో లేచిపోతే మాత్రం కుదరదు, ఎందుకంటే ఇది పూర్తిగా విన్నవాళ్ళనే ఒక మాట అడగాలి. డిస్క్ గోల్ఫ్ అంటే తెలుసా? తెలీదా? ఏం ఫరవాలేదు. కొత్తరేవు పురపాలక సంఘానికి కూడా తెలీదు. అయినా ఆ ఆటలో రాష్ట్రానికే ఆదర్శమైపోయింది.

ముందు ఆట చెప్పేస్తా, అర నిమిషం పని. గోల్ఫులో బంతి, కర్ర, నేలలో గుంట ఉంటాయి కదా? ఇక్కడ బంతి బదులు ప్లాస్టిక్ పళ్ళెం, కర్ర బదులు మన చెయ్యి, గుంట బదులు స్తంభానికి బిగించిన ఇనప బుట్ట. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి, పళ్ళెం వాటికి తగిలి ఝల్లుమని బుట్టలో పడుతుంది. దూరంగా గీత దగ్గర నిలబడి విసరాలి, పడిన చోటికి నడిచెళ్ళి మళ్ళీ విసరాలి, అలా బుట్టలో పడేదాకా. మొత్తం పద్దెనిమిది బుట్టలు. ఎవరు తక్కువ విసుర్లలో ముగిస్తే వాళ్ళే గెలిచినట్టు. అయిపోయింది, అంతే. ఒకటో తరగతి పిల్లకి ఒక్కసారి చెబితే వచ్చేస్తుంది.

మృదులకి ఈ ఆటంటే పిచ్చి. ఆడటం కంటే కోర్సు గియ్యటం అంటే ఇంకా పిచ్చి. విశాఖపట్నంలో ఇంజినీరింగు చదివినన్నాళ్ళూ ఏ పార్కుకి వెళ్ళినా, ఏ పెళ్ళికి వెళ్ళినా, "ఇక్కణ్ణించి విసిరితే అదిగో ఆ వేపచెట్టు కుడిపక్కగా వంగి వెళ్ళాలి" అని గాల్లో వేలితో గీతలు గీసేది. పక్కనున్నవాళ్ళు దోమల్ని తోలుతోంది కాబోలు అనుకునేవాళ్ళు. అలాంటి పిల్లకి, "ప్రతి పట్టణానికీ ఒక డిస్క్ గోల్ఫ్ కోర్సు" అని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందనీ, సముద్రం ఒడ్డున కొత్తరేవులో కోర్సు రూపశిల్పి ఉద్యోగం ఖాళీగా ఉందనీ తెలిస్తే ఊరుకుంటుందా? ఆ రోజే బస్సెక్కింది.

మున్సిపాలిటీకి రేవు పక్కన ఒక సరుగుడు తోపుంది. మృదుల రెండు నెలలు ఆ తోపులో కాళ్ళరిగేలా తిరిగింది. ఒక్క చెట్టు కొట్టనివ్వలేదు. మూడో బుట్టకి వెళ్ళే దారిలో రెండు చెట్లు ఒకదాని మీదికి ఒకటి వాలి ద్వారబంధంలా ఉంటే, పళ్ళెం వాటి మధ్య నించే దూరాలని పెట్టింది. ఏడో బుట్ట దగ్గర పొద్దున పూట గాలి వీపు తడుతుంది, మధ్యాహ్నమైతే సముద్రం మీంచి ఎదురుగాలి కొట్టి, వేసిన పళ్ళెం వేసినట్టే తిరిగొచ్చి కాళ్ళ దగ్గర పడుతుంది. అంటే ఒకే బుట్ట, పూటకో ఆట! అది చూసుకుని మృదుల ఇసకలో గెంతులేసింది. ఒక్కో బుట్టకీ మంచి ఆటగాడికి మూడు విసుర్లు పట్టొచ్చని అంచనా వేసి, పద్దెనిమిది మూళ్ళు యాభైనాలుగు అని బోర్డు రాయించింది. ఈ బోర్డే కొంప ముంచింది. అక్కడికే వస్తున్నా.

మొదట ఎవరూ రాలేదు. వేటకెళ్ళని రోజుల్లో వలలు బాగుచేసుకునే కుర్రాళ్ళు వచ్చి, "ఇదేం ఆటండీ బాబూ, పళ్ళెం ఉంది, కూడేదీ?" అని నవ్విపోయేవారు. ఒకరోజు మృదుల విసిరిన పళ్ళెం గాలికి అడ్డం తిరిగి, తోపు పక్క ఇసకలో అప్పడాలు ఆరేసుకుంటున్న బేబమ్మ చాప మీద పడింది.

బేబమ్మకి నలభై అయిదేళ్ళుంటాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఆవిడ అప్పడాలు ఆరేసే తీరు కొత్తరేవులో అందరికీ మామూలే గానీ మృదుల తన పళ్ళెం సంగతే మర్చిపోయింది. లేచి వంగి ఒక్కొక్కటీ పరిస్తే నడుం నిలవదని, ఆవిడ పీట మీద కూర్చునే, ఒత్తిన అప్పడాల దొంతర ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు తిప్పుతూ ఒక్కోటీ విసురుతుంది. పది గజాల అవతల చాప మీద అప్పడం పక్కన అప్పడం, ఒకదాని అంచు ఒకదానికి తగలకుండా, వరసగా వెళ్ళి వాల్తాయి.

"ఏవమ్మా, నీదేనా పళ్ళెం? రెండప్పడాలు ముక్కలు సేసింది. ఇదుగో, పట్టు," అని ఆవిడ కూర్చున్నచోటు నించే విసిరింది. పళ్ళెం మృదులని దాటి, మూడు చెట్లు తప్పించుకుని, అల్లంత దూరాన బుట్ట గొలుసుల్లో ఝల్లుమంది.

"పిన్నీ! ఇంకోసారి వెయ్యి!"

"ఎందుకే? బాగా పళ్ళేదా?"

అలా మొదలైంది. నెల తిరక్కుండా బేబమ్మ పద్దెనిమిది బుట్టలూ ముప్ఫై తొమ్మిది విసుర్లలో ముగించింది. జాతీయ పోటీల వీడియోలన్నీ గుడ్లప్పగించి చూసిన మృదులకి తెలుసు, అది మామూలు అంకె కాదు. ఈలోగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. మూడు నెలల తర్వాత ఊటీలో జాతీయ పోటీలు. పురపాలక సంఘాలు పంపే నివేదికల్ని బట్టి, మొదటి ర్యాంకు వచ్చిన పట్టణం నించి నలుగురు వెళ్తారు.

"నేను ఈ రేవు దాటి ఎక్కడికీ ఎళ్ళలేదమ్మడూ," అంది బేబమ్మ, పళ్ళేన్ని చీర కొంగుతో తుడుస్తూ. "ఊటీ సూడాలని కాదు. అక్కడ ముప్ఫయ్యేళ్ళు ఇదే పని సేసినోళ్ళు ఉంటారు కదా? ఆళ్ళ పక్కన నిలబడితే నా సెయ్యి ఏపాటిదో తెలుత్తాది. అదొక్కటీ సూడాలి."

ఆ మాటకి మృదుల కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజే నివేదిక రాసి ఆఫీసులో ఇచ్చింది. మర్నాడే మెమో వచ్చింది.

మెమో ఇచ్చింది సూపరింటెండెంటు చిదానందం గారు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు, ఒక్క రోజు కూడా ఫైలు తలకిందులుగా పట్టుకోని మనిషి. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు: "లక్ష్యం యాభైనాలుగు. సాధన ముప్ఫై తొమ్మిది. డెబ్భైరెండు శాతం. లోటు పదిహేను విసుర్లు. ఇట్టి నిర్లక్ష్య వైఖరికి కారణములు మూడు దినములలోగా తెలుపవలెను."

"అయ్యో సార్, అది లోటు కాదు! ఈ ఆటలో తక్కువొస్తేనే గొప్ప!"

చిదానందం గారు జాలిగా చూశారు. "అమ్మా, మొక్కలు నాటడం నించి కుక్కలు పట్టడం దాకా అన్నిటికీ మనకి ఇదే ప్రొఫార్మా. ఇటు లక్ష్యం, అటు సాధన. నా సర్వీసులో తక్కువ సాధించినవాణ్ణి మెచ్చుకున్న దాఖలా ఒక్కటి చూపించు, నేను ఇప్పుడే పేపర్లు పెట్టేసి ఇంటికెళ్ళిపోతాను."

"కానీ సార్, ఆట రూల్సు..."

"రూల్సు ఆటకి, తల్లీ. నివేదిక మనకి."

విషయం కమిషనర్ దైవాధీనం గారి దాకా వెళ్ళింది. ఆయన అత్యవసర సమీక్షా సమావేశం పెట్టారు. బేబమ్మని కూడా పిలిపించారు. ఆవిడ అప్పడాల పిండి చేతులతోనే వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

"పొరుగున ఉన్న పెదలంక పురపాలక సంఘం వారు," కమిషనర్ గారు బల్ల గుద్దారు, "ఆరువందల పదకొండు విసుర్లు సాధించారు! పదకొండువందల ముప్ఫై ఒక్క శాతం! ఎలా సాధించారో క్షేత్రస్థాయిలో అధ్యయనం చేశారా?"

చిదానందం గారు లేచారు. "చేశామండి. వారి ఆటగాడు రిటైరైన రెవెన్యూ ఇన్స్పెక్టరు. రెండు కళ్ళకీ శుక్లాలున్నాయండి. క్రీడాభివృద్ధి దృష్ట్యా ఆపరేషను వాయిదా వేయించారండి."

"అదీ అంకితభావం అంటే! ఏమ్మా బేబమ్మా, నువ్వు ఊరి పరువు కోసం ఇంకో ఆరువందలు ఎక్కువ విసరలేవా?"

"ఇసరొచ్చండీ. బుట్టలో పడిపోయాక ఇంకెక్కడికండీ ఇసరడం?"

"పడకుండా విసురు!"

బేబమ్మ ముఖం ఎర్రబడింది. "పడకుండా ఎయ్యడం నాకు రాదండి. సాప మీద పడకపోతే అప్పడానికి ఇసకంటుద్ది. ఇసకంటిన అప్పడం ఎవురు కొంటారు? మా అమ్మ నేర్పిన సెయ్యండి ఇది, తప్పెయ్యమంటే ఎయ్యదు."

అయినా వదల్లేదు. పురపాలక సంఘం ఆధ్వర్యంలో పదిరోజుల నైపుణ్యాభివృద్ధి శిక్షణ జరిగింది. తప్పు విసరడం నేర్పడానికి ఆఫీసులో అనుభవజ్ఞులకి కొదవ లేదు. అకౌంట్సు గుమస్తా ఎడమ చేత్తో వెయ్యమన్నాడు, ఎడమ చేత్తోనూ పడింది. టౌన్ ప్లానింగాయన కళ్ళకి గంతలు కట్టాడు. గాలి చప్పుడు విని వేసింది, పడింది. పదో రోజున బేబమ్మ పీట వెనక్కి తిప్పుకుని కూర్చుని, భుజం మీంచి వేసి, "సచ్చినా పడదులెండి ఇది," అంది. ఝల్లుమంది.

"ఆటగాణ్ణి మార్చలేకపోతే మైదానాన్ని మార్చాలి," అని కమిషనర్ గారు తీర్మానించారు. ఒక సాంకేతిక కమిటీ ఏర్పడింది. సభ్య కన్వీనరు మృదుల. అంటే సంతకం పెట్టే మనిషన్నమాట. పెట్టకపోతే కొత్తరేవు పోటీలోనే లేనట్టని మెత్తగా చెప్పారు. బేబమ్మ ఊటీ సంగతి తలుచుకుని ఆ పిల్ల పళ్ళు బిగించి పెట్టేసింది.

కోర్సు అభివృద్ధి మొదలైంది. మూడో బుట్టని ఆ రెండు చెట్ల దగ్గర్నించి పీకి మంచినీళ్ళ ట్యాంకు నెత్తిన పెట్టారు. ఏడో బుట్ట చేపల మార్కెట్టు గోడ వెనక్కి పోయింది. పదోదాన్ని చెత్త ట్రాక్టరుకి బిగించారు. అది ఊరంతా తిరుగుతుంది, ఆటగాడు వెనక పరుగెత్తాలి. మిగతావి కూడా ఊళ్ళో తలో మూలకీ పోయి, తోపులో మిగిలినవి స్తంభాల గుంటలు మాత్రమే. మృదుల ఒక సాయంత్రం వెళ్ళి ఆ గుంటలన్నీ కాలితో ఇసక తోసి పూడ్చుకుంటూ తిరిగింది. ఎవరో తన నోట్సు పుస్తకంలో కాగితాలు చింపేసినట్టనిపించింది.

బేబమ్మకి మాత్రం హుషారొచ్చింది! ట్యాంకు మీదికి రెండు విసుర్లు. మార్కెట్టు గోడ దగ్గర, గాలి ఎటునించి వీస్తోందో చేపల వాసన బట్టి పట్టేసి, ఒక్కటే. చెత్త ట్రాక్టరు కోసం మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని తమలపాకు నములుతూ, "వచ్చినప్పుడు వత్తాదిలే, పరిగెడతావేటి," అంది. అది మలుపు తిరగ్గానే కూర్చునే వేసింది. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు కొట్టాడు. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. అప్పుడు కూడా చూడ్డమేనండీ, వెయ్యి మంది చుట్టూ చేరినా పళ్ళెం పట్టుకున్నవాళ్ళు అన్ని నెలల్లోనూ కలిపి పంతొమ్మిది మందే. పదిహేడు బుట్టలు నలభై మూడు విసుర్లలో అయిపోయాయి.

చివరికి చిదానందం గారే తన మేధస్సంతా కూడగట్టి, పద్దెనిమిదో బుట్టని రికార్డు రూములో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జేబులో వేసుకుని, కూతురు పురిటికి రాజమండ్రి వెళ్ళిపోయారు.

బేబమ్మ తలుపు చూసింది, కిటికీలు చూసింది, పైన వెంటిలేటరు చూసింది. విసిరింది. లోపల ఝల్లుమని చప్పుడు.

"పడింది! పడింది!" మృదుల అరిచింది.

"పడినట్టు శబ్దం వచ్చింది," అన్నారు కమిషనర్ గారు. "శబ్దాన్ని రికార్డుగా పరిగణించు నిబంధన లేదు. సూపరింటెండెంటు గారు వచ్చి తలుపు తీసి, పంచనామా జరిగే వరకు ఈ విసురు పెండింగు."

చిదానందం గారు వచ్చేలోపే రాజధాని నించి కొత్త సర్క్యులరు వచ్చేసింది. మృదుల దాన్ని మూడుసార్లు చదివింది. "పై సూచికల ప్రకారం తెలియజేయునది ఏమనగా, డిస్క్ గోల్ఫ్ నందు విసుర్ల సంఖ్య ఎంత తక్కువైన అంత ఘనతగా పరిగణించవలెను. ఇంతవరకు పంపిన ర్యాంకులు రద్దు." పైన ఎవరికో ఆట తెలిసినవాళ్ళు తగిలారు! మృదుల ఆఫీసు వరండాలోనే ఎగిరి, దారిలో మడతకాజాలు కొని, పరుగున ఇసకలోకి వెళ్ళి బేబమ్మ నోట్లో కుక్కేసింది.

"ఇంక మనదే పిన్నీ! తక్కువోళ్ళదే గెలుపంట! నీకంటే తక్కువ ఎవరికొస్తుంది చెప్పు!"

చెప్తా ఎవరికొచ్చిందో. మర్నాడు పొద్దున్నే రాజమండ్రి నించి దిగిన చిదానందం గారు, రాత్రికి రాత్రే ఫోన్లో చెప్పి రాయించిన కొత్త జాబితా కట్టలు కట్టలుగా మోయించుకొచ్చి కమిషనర్ గారి బల్ల మీద పెట్టించారు.

"కనిష్ఠం అంటే ఏమిటో లోతుగా పరిశీలించామండి. ఒకటి కంటే తక్కువ సున్నా. సున్నా కంటే తక్కువ లేదండి. మన పట్టణ జనాభా అరవైరెండువేల నాలుగువందలు. అందులో పంతొమ్మిది మంది తప్ప మిగతా అందరూ సున్నా సాధించారండి. తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిదేడు శాతం!"

"నేను?" అన్నారు కమిషనర్ గారు ఆత్రంగా.

"తమరు మొదటి రోజు నించీ సున్నాయేనండి. ప్రారంభోత్సవం రోజు కూడా తమరు రిబ్బను మాత్రమే కత్తిరించారండి. పళ్ళెం ముట్టలేదు."

కమిషనర్ గారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తనలో ఇంత క్రీడాకారుడు దాగున్నాడని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు పాపం.

పెదలంక దెబ్బకి కుదేలైంది. అంకె ఇంకా పెంచాలని అక్కడ ఈలోగా సగం ఊరు శుక్లాలాయనకి తోడుగా విసిరిందట. కొత్తరేవు రాష్ట్రంలో మొదటి ర్యాంకు! ఆ ర్యాంకు నిలబెట్టుకోవడానికి వెంటనే చర్యలు కూడా మొదలయ్యాయి. బుట్టలన్నిటికీ గోనెసంచులు కట్టారు. 'ఇచట విసరరాదు, విసిరినవారు ఊరి ప్రగతికి ఆటంకం' అని బోర్డులు వెలిశాయి. వలల కుర్రాడొకడు మరిచిపోయి చెప్పు విసిరితే, అది పళ్ళెం కిందికి వస్తుందా రాదా అని రెండు రోజులు ఫైలు తిరిగింది. ఆటల అధికారులు వచ్చి, ఒక్క పళ్ళెం కూడా ఎగరని మైదానాన్ని చూసి, ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్ళారు.

ఊటీ జట్టు ఖరారైంది. కమిషనర్ గారు కెప్టెను. చిదానందం గారు వైస్ కెప్టెను. మూడో ఆయన ఆరోగ్య శాఖ ఇన్స్పెక్టరు, ఆయన ఈ ఊరికి బదిలీ మీద వచ్చి నాలుగు రోజులే అయింది కాబట్టి రికార్డు మరీ స్వచ్ఛం. నాలుగో స్థానం మహిళకి. అది కమిషనర్ గారి అత్తగారికి ఖాయం చేశారు. ఎనభై రెండేళ్ళావిడ జీవితంలో దేన్నీ ఎవరి మీదా విసరలేదట. అల్లుడుగారే ధ్రువీకరించారు.

మృదుల ఛాంబరులోకి దూసుకెళ్ళింది. "సార్, అక్కడికెళ్ళాక ఆడాలి సార్! నిజంగా విసరాలి! మీ అత్తగారు ఊటీలో ఏం విసురుతారు?"

"చలికి ఆవిడ గది దాటి రారులెండి. సున్నా చెక్కుచెదరదు."

"బేబమ్మకంటే బాగా ఆడేవాళ్ళు ఈ జిల్లాలో లేరు సార్. ఆవిడ ఒక్కర్తినైనా పంపండి సార్. కావాలంటే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి."

దైవాధీనం గారు చెడ్డమనిషేం కాదు. కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించారు. "చూడమ్మా, ఆవిడ విసిరింది. ఊరంతా చూసింది. కానీ చూసినట్టు ఎక్కడా రికార్డు లేదు. మీ పాత నివేదిక ర్యాంకులతోపాటే రద్దయింది. పద్దెనిమిదో విసురు ఇంకా పెండింగే. కాబట్టి కోర్సు రూపశిల్పి హోదాలో మీరు ఒక్క కాగితం ఇవ్వండి, 'సదరు బేబమ్మ ఏనాడూ డిస్కు విసిరియుండలేదు' అని. సున్నా కింద తీసుకుని మా అత్తగారి బదులు ఆవిణ్ణే పంపేస్తాను. జాబితా అయిదింటికి వెళ్ళిపోతుంది."

అదీ న్యాయమే కదా అన్నట్టు చిదానందం గారు తలూపి, టైపు చేసిన కాగితం ముందే తయారుగా పెట్టుకున్నది తీసిచ్చారు. కింద సంతకం జాగా ఒక్కటే ఖాళీ.

మృదుల ఆ కాగితం పట్టుకుని ఇసకలోకి వెళ్ళింది. బేబమ్మ ఎండిన అప్పడాలు తీసి దొంతర పెడుతోంది. మృదుల చదివి వినిపించింది. ఆవిడ అప్పడాలు లెక్కపెట్టడం మానలేదు. దొంతర పూర్తయ్యాక అడిగింది.

"అంటే నేను ఎయ్యలేదని రాత్తేనే నన్ను ఎయ్యడానికి పంపుతారన్నమాట."

"అవును పిన్నీ."

"అక్కడ ఎయ్యనిత్తారా?"

"అక్కడ ఆట తెలిసినవాళ్ళుంటారు పిన్నీ. అక్కడ తప్పకుండా వేస్తావు. అందరూ చూస్తారు."

బేబమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. అంతలోనే చేతులు దులుపుకుని సముద్రం వైపు తిరిగింది.

"మరి తిరిగొచ్చాక? ఈ ఊళ్ళో నేను ఎప్పుడూ ఎయ్యలేదని నీ సేతి రాత ఉంటాది కదమ్మడూ. నా సేతిని సూసిన మొదటిదానివి నువ్వు. నువ్వే లేదన్నాక, ఉందని ఇంకెవురు రాత్తారు?" గొంతు మార్చి, "ఎల్లాలనే ఉంది. సచ్చేంత ఉంది. నువ్వెలా అంటే అలాగే. సంతకం నీది," అని మళ్ళీ అప్పడాల మీదికి వంగింది.

నాలుగూ నలభై. మృదుల పీట పక్కన ఇసకలో కూలబడింది. ఒళ్ళో కాగితం, చేతిలో పెన్ను. ఆఫీసుకి నడిస్తే పావుగంట.

మరి మీరే చెప్పండి, ఆ పెన్ను మీ చేతిలో ఉంటే సంతకం పెడతారా, పెట్టరా?